బంగారం పోయాక మిగిలిన ఊళ్లు: విశాఖ నుంచి రామగిరి, కోలారు గనుల దాకా

విశాఖపట్నం నుంచి దక్షిణాదికి బయలుదేరేవారి యాత్రల్లో తిరుపతి, కంచి, అరుణాచలం తప్పకుండా ఉంటాయి. రామగిరి, కోలారు బంగారు గనులు ఉండవు. తవ్వకం ఆగి దాదాపు పాతికేళ్లయిన గనులను చూడటానికి రైళ్లు మారి అంత దూరం వెళ్లడమెందుకని బంధువులు అడిగారు. ఉక్కునగరం క్వార్టర్సులో సంసారం మొదలుపెట్టి, అక్కడి బడిలోనే పిల్లలను చదివించుకున్నవాళ్లం కనుక, ఒకే పరిశ్రమ చుట్టూ పుట్టిన ఊరు ఆ పరిశ్రమ ఆగిపోయాక ఎలా బతుకుతుందో కళ్లారా చూడాలని నాకూ, మా వారికీ చాలాకాలంగా ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్రం చదివిన మా అన్నయ్య తోడు వస్తాననడంతో ప్రయాణం ఖాయమైంది. ఇదే దారిలో వెళ్లదలచినవారికి ఏ చోటికి ఎంత సమయం కేటాయించవచ్చో, ఎక్కడ బస చేస్తే సుఖమో, ఏ సౌకర్యాలు ఉన్నాయో, ఏవి లేవో చెప్పాలన్నది నా ఉద్దేశం.

రామగిరికి దగ్గరి పెద్ద స్టేషను ధర్మవరం. విశాఖలో మధ్యాహ్నం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, అనంతపురం మీదుగా మర్నాడు ఉదయం ధర్మవరంలో దిగవచ్చు. స్టేషను చుట్టుపక్కల లాడ్జీలు పట్టుచీరల వ్యాపారానికి వచ్చేవారి కోసం నడుస్తున్నవి కనుక గదులు చిన్నవి. అయినా నీళ్లకు లోటు లేదు, దుప్పట్లు ఉతికినవే ఇచ్చారు. మేము అక్కడ స్నానాలు చేసి, సామాను గదిలోనే ఉంచి, అద్దె కారులో రామగిరి వెళ్లాము. ఆ ఊళ్లో యాత్రికులు ఉండదగిన బస ఏదీ మాకు కనబడలేదు. మరుగుదొడ్డి సౌకర్యం కూడా ధర్మవరంలోనే చూసుకోవడం మంచిదని స్త్రీలకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న రామగిరిలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇంగ్లీషు కంపెనీలు గనులు తవ్వాయి. 1920ల చివరికి ఆ పని ఆగిపోయింది. తరువాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 1980లలో ఎప్పమాన దగ్గర గనిని మళ్లీ తెరిచింది గాని, 2001లో కోలారు గనులతో పాటే అదీ మూతపడింది. ఇప్పుడు అక్కడ కనిపించేవి పైకప్పులు పోయిన గోడలు, కంచె వేసిన గని నోరు, ముళ్లకంప కమ్మేసిన దారి. వాటి వెనుక కొండల మీద గాలిమరలు, కింద వేరుశనగ చేలు ఉన్నాయి. గని ఉన్న కాలంలో కూడా ఇది పెద్ద పట్టణంగా ఎదగలేదు కనుక, గని ఆగినప్పుడు పనివాళ్లు తమ ఊళ్లకు తిరిగి వెళ్లారు, పల్లె తన వ్యవసాయంలో తాను ఉండిపోయింది. ఒక పూటకు మించి ఇక్కడ గడపవలసిన పని లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు రామగిరిని వదిలి నేరుగా కోలారు గనులకు వెళ్లినా నష్టపోరు. నా మటుకు నాకు దీనిని ముందు చూడటమే మేలయింది, ఎందుకంటే గని పోతే ఊరంతా ఇలాగే ఖాళీ అవుతుందన్న నమ్మకంతో నేను కోలారు వైపు బయలుదేరాను, ఆ నమ్మకం సాయంత్రం రైలు ఎక్కగానే సడలిపోయింది.

బెంగళూరు నుంచి మారికుప్పం వెళ్లే సాయంత్రపు రైలులో ఖాళీ ఉండదు. పొద్దు పొడవక ముందే కోలారు గనుల ప్రాంతం నుంచి బయలుదేరి, బెంగళూరులో కర్మాగారాల్లో, ఆస్పత్రుల్లో, దుకాణాల్లో, భవన నిర్మాణాల్లో రోజంతా పనిచేసి, రాత్రికి ఇల్లు చేరేవారితో ఆ బండి నిండి ఉంటుంది. ఆ పెట్టెలో ఎవరి జట్టు వారిది, ఎవరి మూల వారిది. నిలబడి ఉన్న నన్ను చూసి ఒకామె తన పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "కూర్చోండమ్మా, బంగారపేటలో సగం మంది దిగిపోతారు" అని చోటిచ్చింది. నాతో మాట్లాడింది చిత్తూరు తెలుగు, పక్కామెతో తమిళం, టికెట్టు తనిఖీ ఆయనతో కన్నడం. బంగారపేటలో ప్రధాన మార్గాన్ని వదిలి రైలు చిన్న శాఖా మార్గంలోకి మళ్లుతుంది. గనుల కోసం 1890లలో వేసిన ఆ పట్టాల మీద కోరమాండల్, ఊరిగాం, చాంపియన్, మారికుప్పం స్టేషన్లు వస్తాయి. ఒకప్పుడు బొగ్గునూ యంత్రాలనూ లోపలికి తెచ్చిన దారే నేడు మనుషుల శ్రమను బయటికి తీసుకువెళుతోంది. ఈ ప్రాంతానికి టాక్సీలో వెళ్లే వీలున్నా ఒక్కసారైనా ఈ రైలులో వెళ్లమని చెబుతాను. పెద్ద సామానుతో మాత్రం ఎక్కకండి, పెట్టే చోటు ఉండదు.

బసకు మూడు దారులున్నాయి. బెంగళూరులో ఉండి కారులో వచ్చి పోవచ్చు గాని, రానూ పోనూ 200 కిలోమీటర్ల రోడ్డు మీదే పగలంతా గడిచిపోతుంది. దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని కోలారు పట్టణంలో కాస్త మెరుగైన హోటళ్లు ఉన్నాయి, చిన్నపిల్లలతో వచ్చేవారికి అది అనుకూలం. మేము మాత్రం గనుల పక్కనే ఉన్న రాబర్ట్‌సన్‌పేటలో బజారు వీధి లాడ్జిలో దిగాము. అద్దె మన ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరి లాడ్జీల కంటే తక్కువ. వేడినీళ్లు ఉదయం కొద్దిసేపే వస్తాయి, లిఫ్టు లేదు, కిటికీ తీస్తే బజారు రొద లోపలికి వస్తుంది. గది సౌకర్యాన్ని బట్టి మార్కులు వేస్తే ఇది మూడింటిలోనూ చివరిదే. అయినా నేను సిఫారసు చేసేది దీనినే. రాత్రి తొమ్మిది గంటలకు కిక్కిరిసిన ఆ బజారును చూసినవారెవరూ దీనిని పాడుబడిన ఊరని అనలేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ సుమారు 1,60,000 మంది ఉన్నారు.

ఈ ఊరు ఎలా పుట్టిందో తెలిస్తే చూసేది బాగా అర్థమవుతుంది. టిప్పు సుల్తాను మరణానంతరం మైసూరు తూర్పు సరిహద్దును కొలవడానికి వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెన్ 1802లో ఊరిగాం, మారికుప్పం పల్లెల వాళ్లు మట్టి కడిగి బంగారం తీయడం చూసి నమోదు చేశాడు. ఆ సంగతి చాలాకాలం కాగితాల్లోనే ఉండిపోయింది. న్యూజిలాండులో సైనికుడిగా పనిచేసి బెంగళూరులో స్థిరపడిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ దేశస్థుడు 1873లో మైసూరు ప్రభుత్వానికి గని హక్కు కోసం అర్జీ పెట్టుకున్నాడు. అతనికి పెట్టుబడి చాలలేదు, హక్కు చేతులు మారింది. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి వచ్చి, మరికొన్నేళ్లకు చాంపియన్ అనే పేరు పెట్టిన బంగారు పొరను అందుకున్నాక ఈ ప్రాంతం స్వరూపమే మారిపోయింది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పనివారు, ఇటలీ నుంచి నిపుణులు, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళ కూలీలు, చిత్తూరు సీమ నుంచి తెలుగువారు వచ్చారు. ఆ యంత్రాలను తిప్పడానికి 1902లో కావేరి మీద శివసముద్రం జలవిద్యుత్తును దాదాపు 150 కిలోమీటర్ల దూరం తీగల మీద తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. రాజధాని నగరం కంటే ముందు గని వెలిగింది.

మా అన్నయ్య బంగారాన్ని కాసుల్లో లెక్కగట్టి చెప్పినప్పుడు నాకు ఈ గనుల కథ తేటపడింది. తొలినాళ్లలో ఇక్కడ టన్ను రాయికి దాదాపు 47 గ్రాముల బంగారం దొరికేది, అంటే ఎనిమిది గ్రాముల కాసులు దాదాపు ఆరు. మూసేనాటికి టన్నుకు 3 గ్రాములే మిగిలింది. ఒక్క కాసు కోసం రెండున్నర టన్నులకు పైగా రాయిని, అదీ 3 కిలోమీటర్ల లోతు నుంచి పైకి లాగి, పొడి చేసి, సయనైడు ద్రావణంతో కడగవలసి వచ్చేది. చాంపియన్ రీఫ్ గని 3,200 మీటర్ల లోతుకు దిగి, ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల్లో ఒకటిగా నిలిచింది. అంత లోతున రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. గాలిని చల్లబరిచి పంపాలి, నీటిని తోడుతూనే ఉండాలి. బరువుకు ఒత్తిడికి లోనైన రాయి ఉన్నట్టుండి పేలి పనివాళ్ల మీద పడే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉండేది. ఇంత ఖర్చు పెరుగుతున్న కాలంలోనే ప్రపంచ విపణిలో బంగారం అధికారిక ధర 1934 నుంచి 1971 దాకా ఔన్సుకు 35 డాలర్ల దగ్గరే కదలకుండా ఉంది. 1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం, 1962లో కేంద్ర ప్రభుత్వం గనులను చేపట్టాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. దాదాపు 120 ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చిన ఈ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పంపులు ఆగాక లోపలి సొరంగాల్లోకి నీరు చేరింది.

ఆ లోతుకు మరొక గౌరవం కూడా దక్కింది. టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జపాను, బ్రిటను శాస్త్రజ్ఞులతో కలిసి, పైనున్న రాతి మందం విశ్వకిరణాలను అడ్డుకునే చోట పరికరాలు అమర్చి, వాతావరణంలో పుట్టి రాతిని సైతం దూసుకుపోయే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల జాడను 1965లో ఇక్కడే పట్టుకున్నారు. ఊళ్లో ఆ విషయం తెలిపే ఫలకం ఏదీ మా కంటబడలేదు. సందర్శకులకు ఈ గనుల గురించి చెప్పే మ్యూజియం గాని, శిక్షణ పొందిన గైడు గాని దొరకకపోవడం ఈ యాత్రలో నన్ను అన్నిటికంటే బాధించింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో బోడీ అనే బంగారు గనుల ఊరిని 1962 నుంచి ప్రభుత్వ పార్కుగా చేసి, ఇళ్లు ఇంకా కూలిపోకుండా ఉన్నవి ఉన్నట్టే నిలబెట్టి చూపిస్తున్నారు. అక్కడ మనుషులు లేరు, కట్టడాలే ఉన్నాయి. ఇక్కడ కట్టడాలతో పాటు వాటిలో పనిచేసినవారు కూడా ఉన్నారు, అడిగితే చెబుతారు. వాళ్లు ఉన్నప్పుడే వాళ్ల మాటలను భద్రపరిచే పని జరగాలని నా కోరిక.

గైడు లేని లోటును ఆటో నడిపే ఒక యువకుడు తీర్చాడు. అతని తండ్రి, తాత గనిలో పనిచేసినవారు. ఒక పగటికి బాడుగ ముందే మాట్లాడుకున్నాము, చివరికి పైసా ఎక్కువ అడగలేదు. గనుల ఆవరణలకు తాళాలు వేసి ఉంటాయి, కాపలా ఉంటుంది, లోపలికి పంపమని బతిమాలడం వల్ల ప్రయోజనం లేదు. రోడ్డు మీద నుంచే, గని నోటి మీద నిలబెట్టిన ఎత్తైన ఇనుప చట్రాలు, అంటే హెడ్‌గేర్లు, వాటి మీది పెద్ద చక్రాలు కనిపిస్తాయి. ఆ చక్రాల మీద తిరిగిన తాళ్లకు వేలాడే ఇనుప బోనులోనే తన తాత రోజూ లోపలికి దిగేవాడని ఆ అబ్బాయి చూపించాడు. పాత బంగళాలు, చర్చి, ఆస్పత్రి భవనం, దొరల క్లబ్బు ఒక వైపున ఉన్నాయి. దొరలు దీనిని చిన్న ఇంగ్లండు అనుకునేవారని అందరూ చెబుతారు. యాత్రికులు ఎక్కువగా ఫొటోలు తీసుకునేది కూడా అక్కడే. నా దృష్టిలో చూడవలసినవి బంగళాల కంటే కార్మికుల లైన్లు. ఒకే వరుసలో, ఒకే కొలతతో, గోడకు గోడ ఆనించి కట్టిన ఆ ఒంటిగది ఇళ్లు చూశాక బంగళాల తోటలు ఎంత విశాలమైనవో అర్థమవుతుంది. తొలినాళ్లలో ఈ లైన్లు వెదురు తట్టీల గుడిసెలు. ఆ ఇళ్లలో బతికినవారే 1930లో వేలిముద్రలతో నమోదు చేసే నిబంధనను ఎదిరించి సమ్మెకట్టారు.

లైన్లలో ఇంటి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని పిలిచి మంచినీళ్లు ఇప్పించారు. పూర్వీకులది కుప్పం వైపు పల్లె. "పెద్దాయనా, గని మూసేశాక సొంత ఊరికి వెళ్లిపోవాలని అనిపించలేదా?" అని అడిగాను. "సొంత ఊరంటే యాదమ్మా? మా నాయన ఈడే పుట్టినాడు, నేనూ ఈడే పుట్టినాను. గని మూసినారు గానీ ఇల్లు యాడికి పోతాది? పిలకాయలు బెంగుళూరు పోయొస్తా ఉండారు" అన్నారు. ఇంటి పట్టా గురించి, ఆగిపోయిన బకాయిల గురించి, ఛాతీలో దుమ్ము చేరి చనిపోయిన తోటివారి గురించి నెమ్మదిగా చెప్పారు. ఆయన మాటల్లో బంగారం ప్రస్తావన ఒక్కసారీ రాలేదు. బడి, ఆస్పత్రి, రైలు, బేతమంగళం చెరువు నుంచి వచ్చే నీళ్లు, ఇవే వచ్చాయి. రామగిరికీ ఈ ఊరికీ తేడా అక్కడే నాకు దొరికింది. మూడు నాలుగు తరాల పాటు గని సంపద మీద కట్టినవాటిలో బడి, పట్టాలు, నీటి గొట్టం, ఇల్లు గని తరువాత కూడా పనికివచ్చాయి, మనుషులను నిలబెట్టాయి. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారం పక్కనే ఉండటం కూడా కొన్ని కుటుంబాలను కాపాడింది. ఉక్కునగరంలో పెరిగిన మా పిల్లలకు ఈ సంగతులన్నీ ఫోనులో వివరంగా చెప్పాను. లైన్లలోకి వెళ్లేవారికి నా మనవి ఒకటే: అవి కాపురాలున్న ఇళ్లు, అడగకుండా ఫొటోలు తీయవద్దు.

ఊరి అంచున సయనైడు గుట్టలు ఉన్నాయి. బంగారం తీసేసిన రాతిపిండిని వందేళ్లకు పైగా పోస్తూ వస్తే పెరిగిన చదునైన బూడిదరంగు దిబ్బలవి, మొత్తం 3 కోట్ల టన్నులకు పైగా ఉంటుంది. సినిమా చిత్రీకరణల వల్ల వీటికి పేరు వచ్చి, కుర్రవాళ్లు వీడియోల కోసం పైకి ఎక్కుతున్నారు. వద్దని గట్టిగా చెబుతున్నాను. గాలి వీస్తే లేచే ఆ పిండి సన్నది, ఊపిరితిత్తులకు చేటు. వాన కోసిన గట్ల అంచులు కాలు పెడితే జారుతాయి. దూరం నుంచి చూస్తే చాలు. ఆ దిబ్బల కింద ఇళ్లున్నవారు ఎండాకాలమంతా ఆ దుమ్ములోనే వండుకుని తింటున్నారు.

అన్నయ్య కోరిక మీద చూసిన దిండు లావా రాళ్లు, అంటే నీటి అడుగున లావా చల్లబడి దిండ్ల ఆకారంలో గట్టిపడిన రాళ్లు, సామాన్య యాత్రికులకు ఆకర్షణగా కనబడకపోవచ్చు. భారత భూగర్భ సర్వే సంస్థ ప్రకటించిన జాతీయ భూవారసత్వ ప్రదేశాల జాబితాలో మన భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలతో పాటు కోలారు గనుల లావా రాళ్లు కూడా ఉన్నాయి. ఎర్రమట్టి దిబ్బల వయసు వేల ఏళ్లలో చెబితే వీటి వయసు కోట్ల ఏళ్లలో, 250 కోట్లకు పైగా చెప్పాలి. పిల్లలను తీసుకువెళ్లేవారు అరగంట కేటాయించవచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే దగ్గరలోనే కమ్మసంద్రలో 108 అడుగుల శివలింగం ఉన్న కోటిలింగేశ్వర ఆలయం ఉంది.

భోజనానికి ఇబ్బంది లేదు. ఉదయం ఇడ్లీ, పొంగలి, మధ్యాహ్నం అన్నం సాంబారు, రాత్రి పరోటా, బిర్యానీ అన్నీ బజారులో దొరికాయి. కారం మన ఉత్తరాంధ్ర నాలుకకు చప్పగానే అనిపిస్తుంది. బంగారపేటలో పానీపూరీకి రంగులేని తేట నీళ్లు పోస్తారు, చూడటానికి మంచినీళ్లలా ఉండి నోట్లో పెట్టుకోగానే ఘాటు తెలుస్తుంది. అక్కడ రైలు మారేవారు తప్పక రుచి చూడండి.

తిరుగు ప్రయాణంలో కారు మాట్లాడుకుని కుప్పం మీదుగా వచ్చాము. దారిలో మన రాష్ట్రపు గుడుపల్లె మండలంలో బిసానత్తం, చిగురుగుంట గనులు ఉన్నాయి. ఇవి కోలారు రాతి పట్టీకి దక్షిణపు కొనసాగింపు, ఇవీ 2001లోనే ఆగిపోయాయి. రోడ్డు పక్కన ఆపి చూసి కదలడానికి మించి ఇక్కడ యాత్రికులకు ఏమీ లేదు, దీని కోసమని ప్రత్యేకంగా రానవసరం లేదు. కుప్పం నుంచి రైలులో కాట్పాడి చేరితే విశాఖ మీదుగా వెళ్లే బళ్లు దొరుకుతాయి, కనుక మళ్లీ బెంగళూరు వెళ్లే శ్రమ తప్పుతుంది.

కాలం విషయానికి వస్తే నవంబరు నుంచి జనవరి చివరి దాకా అనుకూలం. ఈ ప్రాంతం దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల ఉదయం చలి ఉంటుంది, శాలువా అవసరమవుతుంది. మార్చి నుంచి మే దాకా ఎండ కంటే దుమ్ము ఎక్కువ బాధిస్తుంది, ఉబ్బసం ఉన్నవారు ఆ నెలల్లో రాకూడదు. గనుల చరిత్ర మీద ఆసక్తి లేనివారికి ఈ యాత్రను సిఫారసు చేయను. ఆసక్తి ఉన్నవారు రామగిరికి ఒక పూట, కోలారు గనులకు కనీసం రెండు పగళ్లు ఇస్తే తొందర లేకుండా మనుషులతో మాట్లాడగలుగుతారు. రాయచూరు జిల్లా హట్టిలో గని ఇంకా పనిచేస్తోంది, కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు కంపెనీ కొత్తగా గని పెట్టింది. బంగారం ఇంకా వస్తున్న ఊళ్లు ఆ రాబడితో తమ కోసం ఏమి కట్టుకుంటున్నాయో చూడటానికి వచ్చే చలికాలంలో ఆ రెండింటికీ వెళ్లాలని అనుకుంటున్నాము.